శిశిరము చివర – చేనియెదుట

వసంతమును కోరని ప్రాణి లేదు. కాని ఆ కోరిక అందఱకును ఒక్కటి కాదు. పట్టణమున నుండువారికి వసంతమనగా మామిడిచిగురు, మల్లెలు, సాయంకాలపు గాలి. సేద్యగానికి వసంతమనగా కళ్లమున కుప్ప, గాదెలో గింజ, సంఘమునకు తీఱిన అప్పు, ఉగాదినాడు ఇంట క్రొత్తబట్ట. పట్టణపు వసంతము పంచాంగమును బట్టి వచ్చును; సేద్యగాని వసంతము చేనిని బట్టి వచ్చును. పంచాంగమున చైత్రము ప్రవేశించినను చేను తాలుపోయిన యింట వసంతము లేదు.

అందుచేతనే మాఘమాసమున మన నెల్లూరు కడలితీరమున ప్రతి రైతును ఉదయమున గట్టుపై నిలిచి, మంచుతెర విడిపోవుటకై యెదురుచూచుచుండును. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు – ఏ వైపు చూచినను ఇదే దృశ్యము. ఈ నిరీక్షణము సహజమైనది, న్యాయమైనది. కాని నిరీక్షణము ఓర్పుతో కూడినయెడల లాభమును, తొందరతో కూడినయెడల నష్టమును తెచ్చును. ఈ రెంటికిని గల భేదమును గూర్చి సభ్యులకు మనవిచేయుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మన చలికాలపు స్వభావము

కాశ్మీరమున డిసెంబరు 21వ తేదీ మొదలు నలువది దినములను ‘చిల్లై కలాన్’ అని పిలుతురు. అచట నీరు గడ్డకట్టును. నేల మంచుక్రింద నిద్రించును. సేద్యగాడు ఇల్లు వెడలడు. మన తీరమున అట్టి చలి లేదు. సముద్రము సమీపమున నుండుటచే రాత్రి ఉష్ణము సాధారణముగా 20 డిగ్రీలకు చాల దిగువకు పోదు. అట్లయినను మన చలికాలము కఠినమైనదే. దాని కాఠిన్యము చలియందు లేదు; నీటియందును గాలియందును కలదు.

ఆంధ్రదేశమున తక్కిన భాగములకు నైరృతి ఋతుపవనము ప్రధానము. మనకు ఈశాన్య ఋతుపవనము ప్రధానము. సంవత్సరమునందలి వానలో సగమునకు మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలోనే కురియును. స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు మనకు అన్నము పెట్టు కార్తెలు. ఆ కార్తెలలోనే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టును. చెఱువు నింపెడు వానయే కట్టను తెంపును. ఒక చేతితో ఇచ్చి రెండవ చేతితో తీసికొనెడు ఋతువు ఇది.

ఈ తీరపు పెద్దలు సంవత్సరములను గాలివానలను బట్టి లెక్కించుకొందురు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమున తుపాను తీరము దాటెను. 1989 నవంబరులో కావలి సమీపమున మఱియొకటి దాటెను. 2015 నవంబరు వానలకు చెఱువులు తెగి పొలములు ఇసుక మేటలు వేసెను. 2021 నవంబరులో పెన్నానదికి వచ్చిన వఱదకు పడుగుపాడు కడ రైలుకట్ట కోసికొనిపోయెను. కోవూరు ప్రాంతమున పల్లెలు నీట మునిగెను. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుపాను, దాటుటకు ముందు మన తీరము వెంబడి సాగి, నారుమళ్లను నాట్లను ముంచివైచెను. ఇట్టి సంవత్సరములలో రైతు ఒకే పంటకు రెండుమాఱులు నారు పోసి, రెండుమాఱులు కూలి యిచ్చి నాటుకొనవలసి వచ్చును. అప్పును ఆ మేరకు పెరుగును. పంటయు ఆ మేరకు వెనుకబడును. వెనుకబడిన పంట చలిలో పిలకవేసి, మంచులో పొట్టకు వచ్చును. అందుచే నవంబరునాటి గాలివాన యొక్క బాధ నవంబరుతో ముగియదు. అది ఫాల్గుణము వఱకు రైతు వెంట నడచుచుండును.

వాన వెనుక మంచు

సంక్రాంతి నాటికి వానలు వెనుదీయును. ఆకాశము నిర్మలమగును. కాని కష్టము తీఱినదని యనుకొనరాదు. పగలు ఎండ, రాత్రి చలి, తెల్లవాఱుజామున దట్టమైన మంచు – ఇవి మూడును కలిసిన కాలము వరికి అగ్గితెగులు కాలము. ఈ తెగులు ఒక బూజుజాతి. రాత్రి ఉష్ణము 20 డిగ్రీల ప్రాంతమున నుండి, గాలిలో తేమ 90 శాతమునకు మించి, ఆకు చాలసేపు తడిగా నుండెనేని, దాని బీజములు మొలకెత్తును. మొదట ఆకుపై నూలుకండె యాకారముగల మచ్చలు పుట్టును. మచ్చ నడుమ బూడిదవన్నె, అంచున గోధుమవన్నె యుండును. తరువాత అవి కలిసిపోయి చేను నిప్పు తగిలినట్లు మాడిపోవును. వెన్ను బయటికి వచ్చిన పిదప కంకిమెడను తాకినయెడల మెడ విరిగి గింజ తాలగును. దీనినే మెడవిరుపు అందురు. ఆకు మాడిన చేను మరల కోలుకొనవచ్చును; మెడ విరిగిన చేను కోలుకొనదు.

నెల్లూరు పరిశోధనాకేంద్రమువారు ఈ తెగులును తట్టుకొను వంగడములకై బహుకాలము కృషిచేసి, నెల్లూరు మసూరి యని రైతులు పిలుచుకొను ఎన్‌ఎల్‌ఆర్ 34449 వంటి రకములను మనకొసగిరి. మన తాతలనాటి మొలగొలుకులకు ఎంత పేరుండెనో ఈ రకమునకును నేడు అంత వ్యాప్తి కలదు. అట్లయినను తట్టుకొను వంగడమునకును ఒక హద్దు కలదు. ఆ హద్దును దాటించునది తఱుచుగా ప్రకృతి కాదు. మన చేతియందలి ఎఱువుబుట్టయే.

తొందర తెచ్చు మూడు కీడులు

మొదటిది: యూరియా తొందర. చలికి పైరు యెదుగుదల మందగించును; ఆకు పసుపువన్నె తిరుగును. ప్రక్క కయ్య పచ్చగా నున్నది, మన కయ్య వెనుకబడినది, వసంతము లోపల కోతకు రాదేమో యను భయముతో రైతు మరల ఒక బస్తా యూరియా చల్లును. నిజమునకు చలిలో వేళ్లు మందముగా పనిచేయును. చల్లిన యెఱువును పైరు పూర్తిగా గ్రహింపలేదు. గ్రహించిన కొంతయు ఆకును మెత్తబఱచి తెగులునకు ఆహారమొనర్చును. పసుపునకు కారణము నత్రజని కొఱతయా, జింకు లోపమా, నిలిచిన మురుగునీరా యని తెలియక చల్లిన యెఱువు, రోగము తెలియక మింగిన మందు వంటిది. జింకు లోపము చలికాలమున తఱుచుగా కానవచ్చును; అప్పుడు ముదురాకులపై తుప్పువన్నె మచ్చలు ఏర్పడును. మంచు దట్టముగా నున్న దినములలోను, ఆకుపై అగ్గిమచ్చ కనబడినప్పుడును నత్రజని చల్లుట ఆపవలయును. వ్యవసాయాధికారికి మొక్కను చూపి ఆయన చెప్పిన మందును చెప్పిన మోతాదున వాడవలయును.

రెండవది: కోత తొందర. అప్పు గడువు సమీపించును. కోతయంత్రము ఊరిలోనికి వచ్చియుండును. ‘ఇప్పుడు పోయిన మరల పది దినములకు గాని రాదు’ అని యంత్రమువాడు చెప్పును. కంకి అడుగుభాగమున గింజలు ఇంకను పచ్చిగా నుండగనే చేను కోయింతురు. కంకియందలి గింజలలో నూటికి ఎనుబది మొదలు ఎనుబదియైదు వఱకు పండి బంగారువన్నె తిరిగినప్పుడు కోత సరియైన కాలము. అంతకు ముందు కోసిన గింజ మిల్లులో నూకయగును, తూకమునకును రాదు. పొద్దెక్కి మంచు ఆఱిన పిదపనే యంత్రమును చేనిలోనికి దింపవలయును.

మూడవది: అమ్మకపు తొందర. ఇది అన్నిటికంటె ఎక్కువ నష్టము. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములందు ధాన్యమున తేమ 17 శాతమునకు మించరాదని నియమము. కోతయంత్రమునుండి వెలువడిన ధాన్యమున తేమ అంతకంటె చాల అధికముగా నుండును. అది ఆఱువఱకు నిలువలేక కళ్లముననే వర్తకునకు అమ్మివేయుదురు. వర్తకుడు తేమపేర తఱుగు తీయును. ఎంత తీయుట న్యాయమో రైతుకు తెలియవలయును గదా. ఇదిగో లెక్క.

మన పుట్టి 850 కిలోలు. అందు తేమ 20 శాతమున్నయెడల ఎండిన పదార్థము 680 కిలోలు. దానిని 17 శాతము తేమవఱకు ఆఱబెట్టినయెడల తూకము సుమారు 819 కిలోలగును. అనగా న్యాయమైన తఱుగు పుట్టికి 31 కిలోలు. తేమ 24 శాతమున్నయెడల ఎండిన పదార్థము 646 కిలోలు. ఆఱిన పిదప తూకము 778 కిలోలు. న్యాయమైన తఱుగు 72 కిలోలు. ఇంతకు మించి తీసినయెడల అది నీటి తఱుగు కాదు, రైతు చెమట తఱుగు. ఈ రెండు అంకెలను ప్రతి సభ్యుడును కంఠస్థము చేసికొనదగును. తేమ కొలుచు యంత్రము సంఘ కార్యాలయమున నుండుట, సభ్యుడు తన ధాన్యమును తాను కొలిపించుకొని యెఱిగి బేరమాడుట – ఈ రెండును చాలు, సగము మోసము తానే తొలగును.

ఒక పరదేశపు చలికాలము

గ్రామ పరపతి సహకారమునకు బీజము యొక కఠినమైన చలికాలముననే పడినదని మన సభ్యులలో కొందఱికి తెలిసియుండకపోవచ్చును. జర్మనీ దేశమున వెస్టర్‌వాల్డ్ అను కొండప్రాంతమున వేయర్‌బుష్ అను గ్రామసముదాయమునకు 1845లో ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజెన్ అను యువకుడు అధ్యక్షుడయ్యెను. మఱుసటి యేడు పైరులు చెడెను. బంగాళాదుంపకు తెగులు సోకెను. 1846-47 చలికాలమున బీదరైతుల యిండ్ల ఆకలి ప్రవేశించెను. ప్రభుత్వము పిండి పంపెను గాని రొక్కము చెల్లించినవారికే యిమ్మని యాజ్ఞాపించెను. రొక్కమున్నవానికి పిండి కఱవు లేదు. పిండి లేనివానికి రొక్కము లేదు.

రైఫైజెన్ ఊరిలోని కలిగినవారిని సమావేశపఱచి, వారిచే మూలధనము పెట్టించి, రొట్టెసంఘమును స్థాపించెను. ఉమ్మడి పొయ్యి కట్టించి రొట్టెలు కాల్పించెను. వానిని బీదలకు అప్పుగా ఇచ్చి, పంట వచ్చిన పిదప తీర్చుకొనునట్లు ఏర్పాటుచేసెను. చలికాలమునకు రొట్టె, వసంతమునకు విత్తు – ఈ రెండును సమకూడిననే రైతు నిలుచునని ఆయన కన్నులార చూచెను.

అయితే ఆయన అచటనే ఆగలేదు. దాతల దయపై నిలిచిన సంఘము దయ తగ్గిన దినమున కూలునని అనుభవమున తెలిసికొని, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అను చోట సభ్యులే యొకరికొకరు పూచీపడు పరపతిసంఘమును స్థాపించెను. ఒక చిన్న ప్రదేశమునకు ఒక సంఘము, సభ్యులు ఒకరినొకరు ఎఱిగియుండుట, పని నిమిత్తమే అప్పు, పంటననుసరించి గడువు – ఇవి ఆయన పద్ధతులు. మదరాసు రాజధానియందు ఫ్రెడరిక్ నికల్సన్ దొర ఐరోపాదేశపు సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా నివేదిక వ్రాసి, ఈ పద్ధతినే మన గ్రామములకు సిఫారసు చేసెను. 1904లో సహకార పరపతిసంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరముననే మదరాసుకు సమీపముననున్న తిరూరున సంఘము పుట్టెను. మన గ్రామ సంఘములన్నియు ఆ వేరునుండి మొలచిన పిలకలే.

ఈ చరిత్రమునుండి గ్రహింపదగిన నీతి యొక్కటి. చలికాలము చివర రైతుకు కావలసినది ఓదార్పు కాదు, గడువు. గడువున్నవాడు ఓర్చుకొనగలడు. గడువు లేనివానికి ఓర్పు బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుట వంటిది. కావున ఓర్పును సభ్యునియందు కోరు సంఘము, గడువును తాను సమకూర్పవలయును.

సంఘమును సభ్యులును చేయదగిన పనులు

శ్రవణము, ధనిష్ఠ కార్తెలలో (జనవరి 24 మొదలు ఫిబ్రవరి 18 ప్రాంతము వఱకు) సభ్యులు వారమునకు రెండుమాఱులు చేను నడుమకు దిగి చూడవలయును. గట్టుపై నిలిచి చూచుట చాలదు. అగ్గిమచ్చ మొదట చేను నడుమను, చెట్లనీడనున్న మూలలను, మంచు ఆలస్యముగా ఆఱుచోట్లను కానవచ్చును. ఒక సభ్యుని చేనిలో కనబడినంతనే ఆ వార్త సంఘమునకు చేరవలయును. తెగులు బీజములు గాలిలో పోవును గనుక, దాచిపెట్టిన సభ్యుడు తనకును పొరుగువానికిని కూడ కీడుచేసినవాడగును.

శతభిషము, పూర్వాభాద్ర కార్తెలలో (ఫిబ్రవరి చివర మొదలు మార్చి నడుమ వఱకు) కోతలు ముమ్మరమగును. కోతయంత్రమునకు సంఘమే వరుస నిర్ణయించినయెడల, పండిన చేను ముందు, పండని చేను వెనుక యగును. తొందర తగ్గును, బాడుగయు తగ్గును. ఆఱబెట్టుటకు పట్టలు సంఘమున నుండవలయును. ఋతువు తప్పిన వాన ఈ కాలమున అరుదైనను అసంభవము కాదు. కళ్లమున పట్ట యున్నవాడు ఆ రాత్రి నిద్రించును. లేనివాడు మేల్కొని ఏడ్చును.

సొసైటీ అప్పు గడువు విషయము. 3 లక్షల రూపాయల లోపలి పంటరుణములకు వడ్డీ 7 శాతము. సకాలమున చెల్లించినవారికి మఱి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఈ రాయితీ పోవునను భయముచేతనే పలువురు పచ్చిధాన్యమును అమ్ముచున్నారు. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులు ధాన్యమును గుర్తింపుపొందిన గిడ్డంగియందుంచి, ఆ రసీదుపై ఆఱు మాసముల వఱకు రాయితీ వడ్డీతో అప్పు పొందుటకు నిబంధనలలో తావు కలదు. గిడ్డంగి రసీదుతో తెచ్చిన పైకమును పంటరుణమునకు కట్టి, ధాన్యమును ధర వచ్చినప్పుడు అమ్ముకొనుట మేలు. దీని వివరములను గడువునకు నెలదినములు ముందుగానే బ్యాంకున కనుగొనవలయును. గడువు నాటి సాయంకాలమున కాదు.

బీమా విషయము. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనలలో, కోసి ఆఱబెట్టిన పంటకు పదునాలుగు దినములలోపల అకాలవర్షముచే నష్టము కలిగినయెడల 72 గంటలలోపల తెలియజేయవలయునని యున్నది. ఆ పథకము తమ గ్రామమున తమ పంటకు వర్తించునో లేదో సభ్యులు ముందే విచారించి, పంట నమోదు సరిగా జరిగినదా యని చూచుకొనవలయును. కౌలురైతులు ఈ విషయమున మఱింత జాగరూకులై యుండవలయును. పొలము దున్నినది తామైనను కాగితము భూస్వామి పేర నుండుటచే నష్టపరిహారము దారితప్పుట కలదు.

ఎండతో వచ్చు కష్టములు

వసంతము వచ్చినంతనే కష్టములన్నియు తీఱునని తలంపరాదు. తీరమునకు సమీపమున కాలువల చివరిభూములలో వానకాలమున మంచినీరు ఉప్పును అణచియుంచును. ఎండ తీవ్రమైనకొలది నేలయందలి తేమ పైకి లేచి ఆవిరియగును. ఉప్పు పైపొరను నిలిచిపోవును. అందుచే పాలుపోసుకొను దశయందున్న చేనిని ఎండగట్టరాదు. పలుచగానైనను మంచినీరు నిలుపవలయును. కోతకు సుమారు పది దినముల ముందు మాత్రమే నీరు తీసివేయవలయును. కాలువ మొదటనున్న సభ్యుడు తన అవసరము తీఱినంతనే తూము మూసి చివరివానికి నీరు విడుచుటయు సహకారమే. సంఘమున సంతకము చేయుట ఒక్కటే సహకారము కాదు.

రొయ్యలచెఱువులు గల సభ్యులకును ఇదే కాలము పరీక్షాకాలము. నీరు చల్లబడినప్పుడు తెల్లమచ్చ తెగులు విజృంభించును. నీరు వేడెక్కినపిదప పిల్లను వదలుట శ్రేయస్కరమని అనుభవజ్ఞులు చెప్పుదురు. గొఱ్ఱెలమందలు గలవారు ఈశాన్యపు వానలలో నీలినాలుక జాడ్యముచే నష్టపడియుందురు. అది దోమలవంటి చిన్న యీగలచే వ్యాపించును గనుక, వచ్చు వానకాలమునకు ముందే టీకా వేయించుటకు పశువైద్యునితో మాటాడుకొనవలయును. ఇసుకనేలల వేరుసెనగ వేసినవారు కాయ ముదిరినదా లేదా యని నాలుగుచోట్ల మొక్క పీకి, కాయ విప్పి, లోపలిపొర నల్లబడుట చూచి త్రవ్వవలయును.

పొద్దు పెరుగుచున్నది

‘శివరాత్రికి చలి శివశివా యని పోవును’ అని మన పెద్దల మాట. ఇది వట్టిమాట కాదు. డిసెంబరు 21, 22 తేదీల ప్రాంతమున మన నెల్లూరున పగలు సుమారు 11 గంటల 15 నిమిషములు మాత్రమే. మార్చి 21 నాటికి అది 12 గంటలు దాటును. అనగా మూడు మాసములలో ముప్పావుగంటకు మించిన వెలుగు దినమునకు చేరును. రథసప్తమి నాడు సూర్యునికి మ్రొక్కుట యందు సేద్యగాని స్వార్థమును భక్తియు కలిసియున్నవి. చిక్కుడాకుపై పెట్టిన పరమాన్నమునకు బియ్యమును ఆయనయే పండింపవలయును గదా.

పులికాటు సరస్సున చలికాలము గడపిన రాజహంసలు ఎండ ముదురుకొలది వెడలిపోవును. వేపపూత వచ్చును. మామిడిపిందె దిగును. ఇవన్నియు మనము పిలిచినందున వచ్చునవి కావు. తమ కాలమున తామే వచ్చునవి. చేనును అట్టిదే. దానికి మనము చేయగలిగినది కాపుకాయుట; చేయరానిది తొందరపెట్టుట.

గత నవంబరున నారు పోగొట్టుకొని మరల నాటిన సభ్యులు ఏ గ్రామమున చూచినను కలరు. వారి చేలు ఇంకను పొట్టదశయందున్నవి. పొరుగు చేలు పండుచున్నవి. పండిన చేనివారు సంఘమునకు బాకీ త్వరగా చెల్లించినయెడల, ఆ ధనముతో వెనుకబడినవారికి సంఘము చేయూత నీయగలదు. రైఫైజెన్ చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు. ఒక గ్రామమున కొందఱికి ముందుగాను కొందఱికి వెనుకగాను వచ్చు వసంతమును, అందఱకును వచ్చునట్లు చేయుటకే సంఘము.

కావున సభ్యులారా, ఆకు చూచి యెఱువు వేయుడు. గింజ చూచి కోయుడు. తేమ కొలిచి అమ్ముడు. గడువునకు ముందే సంఘమునకు వచ్చి మాటాడుడు. ఈ ఉగాదికి మీ గాదెలు నిండుగాక.